స్కార్లెట్ స్ట్రీట్ (1945): క్రిస్‌ని వెంటాడింది పశ్చాత్తాపమా, అసూయా?

పాతరీలు | శనివారం రాత్రి 9:42

నువార్ సినిమాల (నేరం, చీకటి మనసుల చుట్టూ తిరిగే పాత హాలీవుడ్ సినిమాల) గురించి ఈ విభాగంలో చాలా మాట్లాడుకున్నాం గానీ, ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'స్కార్లెట్ స్ట్రీట్' మీద విడిగా ఎవరూ చర్చ పెట్టలేదు. హత్య చేసినవాడి మనసులో ఆ తర్వాత ఏం మిగులుతుందో ఇంత కఠినంగా చూపించిన హాలీవుడ్ సినిమా, ఆ కాలంలో ఇంకొకటి నేను చూడలేదు. కథంతా చెప్పేస్తున్నాను. చూడనివాళ్ళు చూసొచ్చి చదవండి.

1934, న్యూయార్క్. క్రిస్టఫర్ క్రాస్ (ఎడ్వర్డ్ జి. రాబిన్సన్) ఒక కంపెనీలో క్యాషియర్. పాతికేళ్ళు నమ్మకంగా పనిచేసినందుకు యజమాని హోగార్త్ విందు ఇచ్చి బంగారు గడియారం బహూకరిస్తాడు. విందు మధ్యలోనే హోగార్త్ లేచి, బయట కారులో ఎదురుచూస్తున్న పడుచుపిల్ల దగ్గరికి వెళ్ళిపోతాడు. అది చూసి, అలాంటి అమ్మాయి తనని ప్రేమిస్తే ఎలా ఉంటుందో అని క్రిస్ స్నేహితుడితో అంటాడు. ఆ రాత్రే గ్రెనిచ్ విలేజ్‌లో ఒకడు ఒక అమ్మాయిని కొడుతుంటే గొడుగు పట్టుకుని పరిగెత్తి వాణ్ణి పడగొడతాడు. అమ్మాయి పేరు కిటీ (జోన్ బెనెట్). కొట్టినవాడు ఆమె ప్రియుడు జానీ (డాన్ డ్యూరియా). ఆ సంగతి క్రిస్‌కి తెలియదు.

ఆమె నటి అని ఇతను అనుకుంటాడు, ఇతను పేరున్న చిత్రకారుడని ఆమె అనుకుంటుంది. ఇద్దరిలో ఒక్కరూ కాదని చెప్పరు. అక్కణ్ణుంచి డబ్బు గుంజడం మొదలవుతుంది. కిటీకి ఫ్లాట్ అద్దెకి తీసుకోవడానికి క్రిస్ ముందు భార్య దగ్గరున్న బాండ్లకి చెయ్యి పెడతాడు, తర్వాత ఆఫీసు డబ్బుకి. తన బొమ్మలన్నీ ఆ ఫ్లాట్‌లోనే పెట్టుకుంటాడు. జానీ వాటిని వీధిలో అమ్మకానికి పెడితే ఒక పెద్ద విమర్శకుడి కంట్లో పడతాయి. గీసింది కిటీ అని జానీ చెప్పేస్తాడు. చివరికి కిటీ, జానీల సంగతి తెలిశాక కూడా క్రిస్ పెళ్ళి చేసుకుందామని వస్తాడు. ఆమె ముఖం మీదే నవ్వి అసహ్యించుకుంటుంది. ఐసు పగలగొట్టే మొనదేలిన ఇనుప పుల్లతో పొడిచి చంపేస్తాడు. నేరం జానీ మీద పడుతుంది. జానీని ఎలక్ట్రిక్ కుర్చీలో కూర్చోబెడతారు.

ఇప్పుడు నా ప్రశ్న. అంతరాత్మ వేసిన శిక్ష గురించిన సినిమా ఇది అని దాదాపు అందరూ రాస్తారు. కానీ మరణశిక్ష అమలైన రాత్రి హోటల్ గదిలో క్రిస్‌కి వినిపించేది ఏమిటి? 'నన్నెందుకు చంపావు' అన్న ఏడుపు వినపడదు. కిటీ గొంతు జానీని ప్రేమగా పిలుస్తుంది. మమ్మల్ని ఎప్పటికీ విడిపోకుండా కలిపింది నువ్వే కదా అంటుంది. అతను చెవులు మూసుకునేది ఆ మాటకి. ఇది పశ్చాత్తాపం ఎలా అవుతుంది? చచ్చిపోయినవాళ్ళ మీద కూడా చల్లారని అసూయ ఇది. నా మటుకు నాకు సినిమా అసలు భయం అక్కడే ఉంది.

గోదారి_సుబ్బు | శనివారం రాత్రి 10:15

మంచి చర్చ పెట్టారు పాతరీలు గారూ. కానీ ఒప్పుకోను. రైలు సీను మర్చిపోయారా? జానీ మరణశిక్ష చూడటానికి విలేకరులు సింగ్ సింగ్ జైలుకి రైల్లో వెళ్తుంటారు. అదే పెట్టెలో క్రిస్ ఉంటాడు. ఒక విలేకరి అంటాడు: తప్పు చేసినవాడు ఎవడూ తప్పించుకోలేడు, ప్రతి మనిషి గుండెలో ఒక చిన్న కోర్టు ఉంటుంది, జడ్జీ, జ్యూరీ, తలారీ అన్నీ అక్కడే అని. క్రిస్ ముఖం చూడండి అప్పుడు. దర్శకుడు చెప్పదలచుకున్నది ఆ మాటల్లో పూర్తిగా పెట్టేశాడు.

ఇంకొకటి. అసూయ ఒక్కటే అయితే అతను ఉరి ఎందుకు వేసుకుంటాడు? పక్కగదులవాళ్ళు తలుపు బద్దలుకొట్టి దించబట్టి బతికాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి పోలీసుల దగ్గరికి వెళ్ళి నేనే చంపాను, నన్ను పట్టుకోండి అంటాడు. పశ్చాత్తాపం లేనివాడు అలా చేస్తాడా అండీ?

రవికిరణ్84 | శనివారం రాత్రి 10:31

మొదటి గంట చాలా నెమ్మది. అంత వయసొచ్చినవాడు, రోజూ లెక్కలు చూసేవాడు, ఇంత సులువుగా మోసపోతాడా? నమ్మబుద్ధి కాలేదు. చివరి ఇరవై నిమిషాలు మాత్రం అదిరిపోయింది.

వకీల్_వరంగల్ | శనివారం రాత్రి 11:08

కోర్టుల చుట్టూ తిరిగే మనిషిగా జానీ కేసు గురించి ఒక మాట. ఈ థ్రెడ్‌లో ఎవరూ జానీ కోసం మాట్లాడలేదు, మాట్లాడాలి.

జానీ నీచుడే. కిటీని కొడతాడు, ఆమె సంపాదన తింటాడు. కానీ ఆ హత్య వాడు చేయలేదు. హత్య జరిగిన రాత్రి తాగొచ్చి తలుపు అద్దం పగలగొట్టి లోపలికి పోతాడు. అప్పుడు క్రిస్ మెట్ల చాటున నక్కి ఉంటాడు. జానీ పట్టుబడ్డాక వాడి ప్రతి అలవాటూ సాక్ష్యంగా మారుతుంది. కోర్టు భాగం లాంగ్ ఎంత చిన్నగా తీశాడో గమనించండి. సాక్షులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి నాలుగు ముక్కలు చెప్పి పోతారు. వాదనల హడావుడి ఏమీ లేదు. వాళ్ళలో చాలామంది అబద్ధం చెప్పరు. క్రిస్ భార్య ఎడెల్, తన భర్త క్యాథరిన్ మార్చ్ (కిటీ పూర్తి పేరు) బొమ్మలకి నకళ్ళు గీసేవాడని చెబుతుంది. ఆమె నిజంగా అలాగే నమ్ముతోంది. నిజం చెప్పేది జానీ ఒక్కడే: బొమ్మలు గీసింది క్రిస్, చంపింది కూడా వాడే అని. ఆ నిజాన్ని నమ్మేవాళ్ళు లేరు.

మన దేశంలో సుప్రీంకోర్టు 1984లో శరద్ బిర్దీచంద్ సర్దా కేసులో పరోక్ష సాక్ష్యాలకి అయిదు సూత్రాలు పెట్టింది. సాక్ష్యాల గొలుసు ఎక్కడా తెగకూడదు, ఇంకొకరు చేసి ఉండొచ్చన్న సందుకి చోటు ఉండకూడదు. జానీ కేసులో ఆ సందు గుమ్మమంత ఉంది. వాడి స్వభావం చూసి శిక్ష వేసేశారు.

అందుకే సుబ్బు అన్నా, నాకు క్రిస్ చేసిన హత్యలు రెండు. మొదటిది కోపంలో చేశాడు. రెండోది బోనులో నిలబడి, ప్రమాణం చేసి, ప్రశాంతంగా చేశాడు. నాకు బొమ్మలు వేయడం రాదు, నేను గీసిన నకళ్ళు బాగాలేక పారేశాను అని చెప్పడం జానీ మెడకి వైర్లు చుట్టడమే.

నీలిరంగు | ఆదివారం ఉదయం 6:50

వకీల్ గారు ఎత్తిన ఆ సాక్ష్యం దగ్గరే నేను ఆగిపోతాను ప్రతిసారీ. బొమ్మలు వేసేదాన్ని కాబట్టి ఇంకోలా తగులుతుంది నాకు.

క్రిస్ ఆదివారాలు మాత్రమే బొమ్మలు వేసుకునే మనిషి. ఇంట్లో భార్య పడనివ్వదు, స్నానాలగదిలో కూర్చుని వేస్తాడు. హాల్లో గోడ మీద ఆమె మొదటి భర్త హోమర్ నిలువెత్తు పటం ఉంటుంది. నీళ్ళలో మునిగి చచ్చిపోయాడనుకుంటున్న పోలీసు డిటెక్టివ్ అతను. దూరం దగ్గర తేడా చూపించడం తనకి ఎప్పుడూ పట్టుబడలేదని క్రిస్ స్నేహితుడితో సంకోచంగా చెప్పుకుంటాడు. విమర్శకుడు డేమన్ జానెవే వాటిలో శక్తి చూసింది మాత్రం ఆ చదును గీతల్లోనే. చిన్న పువ్వు అంత పెద్దగా, పాము రోడ్డు స్తంభానికి చుట్టుకుని అంత దగ్గరగా. సినిమా కోసం ఆ బొమ్మలు జాన్ డెకర్ వేశాడు. చూసేవాళ్ళకి అవి నిజంగా ఒక మనిషి చేతి పనిలా అనిపించకపోతే ఈ కథ నిలబడేది కాదు.

తన బొమ్మల మీద కిటీ సంతకం ఉందని తెలిసినప్పుడు క్రిస్ ఏం చేస్తాడో గుర్తుందా? కోపం రాదు. ఉప్పొంగిపోతాడు. మనకి పెళ్ళయినట్టే ఉంది, కాకపోతే నీ పేరు నేను పెట్టుకున్నాను అంటాడు. ఆ తర్వాత కిటీని కూర్చోబెట్టి ఆమె బొమ్మ వేస్తాడు. దానికి పెట్టే పేరు 'సెల్ఫ్ పోర్ట్రెయిట్'. లోకానికి కిటీ తనని తాను గీసుకున్న బొమ్మ అది. నాకు మాత్రం అది క్రిస్ గీసుకున్న తన బొమ్మే. అతని దగ్గరున్న ప్రేమ, నైపుణ్యం, సిగ్గు, అన్నీ అందులో ఉన్నాయి.

కోర్టులో 'నాకు బొమ్మలు వేయడం రాదు' అన్న మాటతో అతను జానీని ఒక్కణ్ణే చంపలేదు. బొమ్మలు వేసే క్రిస్ అనే మనిషిని కూడా తుడిచేశాడు. పాతరీలు గారి అసూయ వాదన కొంతవరకు నిజమే. కానీ ఆ గదిలో అతన్ని తినేస్తున్నది తన పేరు పూర్తిగా పోవడం అనుకుంటాను. కిటీ చచ్చిపోయి పేరు తెచ్చుకుంది. జానీ చచ్చిపోయి కిటీని తెచ్చుకున్నాడు. బతికున్న ఇతనికి ఏమీ లేదు.

ఇంకో సంగతి: రాబిన్సన్ నిజజీవితంలో గొప్ప చిత్రకళా సేకర్త. ఇంప్రెషనిస్టు చిత్రకారుల పనులు ఎన్నో అతని దగ్గర ఉండేవి. విడాకుల వల్ల 1957లో అమ్ముకోవలసి వచ్చింది. బొమ్మ ముందు నిలబడ్డప్పుడు అతని చూపులో కనిపించే ఆ వినయం నటన ఒక్కటే అనిపించదు నాకు.

లక్ష్మీతులసి | ఆదివారం ఉదయం 9:20

నీలిరంగు గారూ, చాలా బాగా రాశారు. కానీ ఎవరూ కిటీ వైపు నుంచి చూడటం లేదు.

కిటీని అందరూ మగవాణ్ణి ముంచిన మాయలాడిగా తీసేస్తారు. ఆమె కూడా ముంచబడ్డదే కదా! జానీ చేతిలో దెబ్బలు తింటూ కూడా వాణ్ణి వదల్లేదు. డబ్బులు అడగమని పంపేది వాడు, బొమ్మల మీద సంతకం పెట్టమనేది వాడు, విమర్శకుడి ముందు ఏం మాట్లాడాలో నేర్పేదీ వాడే. ఆమె జానీకి ఎలా లొంగిపోయిందో, క్రిస్ ఆమెకి అలాగే లొంగిపోయాడు. ఒకే జబ్బు ఇద్దరికీ. కిటీ అతని ముఖం మీద నవ్విన ఆ క్షణం ఘోరంగానే ఉంటుంది. కానీ నవ్వినందుకు చావు శిక్షా? క్రిస్ మీద జాలిపడుతూ జాలిపడుతూ మనం ఆ హత్యని సగం క్షమించేస్తాం. సినిమాని నేను రెండోసారి చూసినప్పుడు నా మీద నాకే భయమేసింది ఆ విషయంలో.

ఎడెల్ గయ్యాళిగా చూపించారు, నిజమే. పొద్దస్తమానం రేడియో నాటకం వినడం, మొగుణ్ణి తిట్టడం. ఆ పాత్రకి ఒకే రంగు పూసి వదిలేశారు. అది నాకు నచ్చలేదు.

క్యాష్‌కౌంటర్ | ఆదివారం మధ్యాహ్నం 12:05

రవికిరణ్ గారు అడిగారు, లెక్కలు చూసేవాడు అంత సులువుగా మోసపోతాడా అని. బ్యాంకులో క్యాష్ చూసి రిటైరైన మనిషిని. మోసపోతాడు బాబూ. లెక్క తప్పనివాడే మోసపోతాడు.

రోజూ వేరేవాళ్ళ డబ్బు లెక్కపెట్టేవాడికి చేతిలోది నోటులా కనపడదు, కాగితంలా కనపడుతుంది. అలా కనపడుతున్నంత కాలం మనిషి పదిలం. ఒకరోజు అది డబ్బులా కనపడుతుంది. అవసరం వచ్చిన రోజు. రాబిన్సన్ ఆ ఇనుప కడ్డీల గదిలో కూర్చునే తీరు, సేఫ్ ముందు చెయ్యి ఒక్క క్షణం ఆగడం, తర్వాత పని త్వరత్వరగా ముగించడం, ఇవి చూస్తే ఆ వృత్తి తెలిసినవాడికి ఒళ్ళు జలదరిస్తుంది. రేపు పెట్టేద్దాం అనుకునే తీస్తాడు ప్రతివాడూ. నాతో పనిచేసిన ఒకతను అలాగే పోయాడు. ఊరూ పేరూ చెప్పను. ఇంట్లో పిల్లకి జబ్బు అన్నాడు, నిజంగానే జబ్బు. వాడు మంచివాడు కాబట్టే ఎవరూ అనుమానించలేదు, అందుకే అంత దూరం వెళ్ళింది.

హోగార్త్ సంగతి మీరెవరూ మాట్లాడలేదు. దొంగతనం బయటపడ్డప్పుడు అతను క్రిస్‌ని పోలీసులకి అప్పగించడు. ఆడమనిషి కోసమే కదా అని మెల్లగా అడిగి, ఉద్యోగం తీసేసి పంపేస్తాడు. మొదటి సీనులో కారులో ఎదురుచూసిన అమ్మాయి గుర్తుకొస్తుంది ఇక్కడ. యజమాని చేస్తే సరదా, గుమాస్తా చేస్తే సర్వనాశనం. ఇద్దరికీ కోరిక ఒకటే, జేబులే వేరు. ఆ ఒక్క ముక్కలో లాంగ్ చెప్పిన డబ్బు సంగతి నాకు ఈ హత్య కన్నా ఎక్కువ రోజులు గుర్తుండిపోయింది.

డల్లాస్_ప్రసాద్ | ఆదివారం రాత్రి 8:14

సుబ్బు గారు చెప్పిన రైలు సీను గురించి. అది ఎందుకుందో తెలియాలంటే ఆనాటి సెన్సార్ గొడవ తెలియాలి.

హాలీవుడ్‌లో అప్పుడు ప్రొడక్షన్ కోడ్ అనే సెన్సార్ నియమావళి నడుస్తోంది. దాన్ని అమలుచేసే జోసెఫ్ బ్రీన్ ఆఫీసు ఒప్పుకోనిదే పెద్ద స్టూడియో సినిమా బయటికి రాదు. నేరం చేసినవాడికి శిక్ష పడి తీరాలి. ఇక్కడ హంతకుణ్ణి చట్టం పట్టుకోదు, పైగా ఆ హత్య చేయనివాణ్ణి ప్రభుత్వమే చంపుతుంది. అయినా బ్రీన్ అనుమతించాడు. హంతకుణ్ణి మనసే శిక్షిస్తోంది, అది జైలు కన్నా పెద్ద శిక్ష అన్న వాదన పనిచేసింది. విలేకరి ఉపన్యాసం ఆ వాదనని ప్రేక్షకుడికి నోటితో చెబుతుంది. అంతమాత్రాన సరిపోలేదు. 1946 జనవరిలో న్యూయార్క్ రాష్ట్ర సెన్సార్ సినిమాని మొత్తంగా నిషేధించింది. మిల్వాకీ, అట్లాంటా నగరాల్లోనూ నిషేధం పడింది. న్యూయార్క్‌లో కొద్దిపాటి కత్తిరింపుల తర్వాత వదిలారు.

ఇది సొంత కథ కూడా కాదు. జార్జ్ ద లా ఫూషార్దియేర్ ఫ్రెంచ్ నవలని జాన్ రెన్వార్ 1931లో 'లా షియెన్' పేరుతో తీశాడు. పారిస్ కథ, క్యాషియర్‌గా మిషెల్ సిమోన్. అందులో ముగింపు చూస్తే మీ చర్చే మారిపోతుంది. అక్కడా ఆ అమ్మాయి ప్రియుడికే మరణశిక్ష పడుతుంది. హంతకుడు బిచ్చగాడవుతాడు. కానీ ఏ గొంతులూ వినపడవు, ఉరీ లేదు. భార్య మొదటి భర్త కూడా బిచ్చగాడై ఎదురుపడితే ఇద్దరూ హాయిగా కబుర్లు చెప్పుకుంటారు. తన బొమ్మ ఎవరో కొనుక్కుని కారులో పెట్టుకుపోతుంటే కూడా పట్టించుకోడు, చేతికొచ్చిన చిల్లర చూసుకుని మురిసిపోతాడు. అదే కథ, అదే నేరం, గిల్ట్ మాత్రం సున్నా.

అంటే ఈ నేరభావం మొత్తం లాంగ్, రచయిత డడ్లీ నికోల్స్ కలిపినది. ఒక పక్క కోడ్ ఒత్తిడి, ఇంకో పక్క లాంగ్ స్వభావం. 1931లో జర్మనీలో 'ఎం' తీసినప్పటి నుంచి అతన్ని పట్టుకున్న విషయమే ఇది. తనలోంచి తను పారిపోలేని మనిషి.

గోదారి_సుబ్బు | ఆదివారం రాత్రి 8:52

ప్రసాద్ గారూ, రెన్వార్ సినిమా వివరాలకి చాలా థ్యాంక్స్. కానీ కోడ్ వల్ల పెట్టిన సీను అయినంత మాత్రాన అది అబద్ధం అవదు. నిర్బంధంలో కూడా మంచి దర్శకుడు తనకి కావలసింది తీసుకుంటాడు. ఆ ఉపన్యాసం చెప్పే విలేకరి దాన్ని కబుర్లలో భాగంగా, తేలిగ్గా అంటాడు. పక్కవాళ్ళు నవ్వేసి ఊరుకుంటారు. వినేవాళ్ళలో ఒక్కడికే అది తగులుతుంది.

సౌండుపెట్టె | ఆదివారం రాత్రి 10:03

ఎడిటింగ్ రూముల్లో పనిచేశాను, శబ్దం గురించి చెప్పాలి.

కిటీ ఫ్లాట్‌లో 'మెలంకలీ బేబీ' పాట రికార్డు తిరుగుతూ 'ప్రేమలో' అన్న చోట ఇరుక్కుపోతుంది. అదే ముక్క మళ్ళీ మళ్ళీ. సరిగ్గా ఆ సమయంలో క్రిస్ పెట్టె పట్టుకుని వచ్చి కిటీ, జానీ కౌగిలిలో ఉండటం చూస్తాడు. అప్పటికి మనకది ఒక చెడిపోయిన రికార్డు. హోటల్ గదిలో గొంతులు వచ్చేటప్పుడు కూడా అదే పద్ధతి: రెండు మూడు మాటలు, అవే తిరిగి తిరిగి. మనిషి బుర్ర అక్కడ ఇరుక్కుపోయింది.

ఇంకా గమనించండి, గదిలో వెలుగు కూడా నిలకడగా ఉండదు. బయట నియాన్ బోర్డు వెలిగి ఆరుతూ ఉంటుంది. మిల్టన్ క్రాస్నర్ కెమెరా పని. వెలిగినప్పుడు గదిలో ఎవరూ లేరని తెలుస్తుంది, ఆరినప్పుడు గొంతు వస్తుంది. ఎక్కడి నుంచి వస్తోందో తెలియక క్రిస్ ఒక మూల నుంచి ఇంకో మూలకి తిరుగుతాడు. ఈరోజుల్లో ఇలాంటి సీనుకి నాలుగు స్పీకర్లలో పెద్ద సంగీతం పోసేస్తారు. ఇక్కడ గుసగుసలు, ఒక ఈల. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి దయచేసి.

పాతరీలు | ఆదివారం రాత్రి 11:30

అందరికీ కృతజ్ఞతలు. ముఖ్యంగా నీలిరంగు గారికి, సౌండుపెట్టె గారికి.

సుబ్బు గారూ, మీరు అడిగిన ఉరి ప్రశ్నకి నా జవాబు ఇది. క్రిస్ ఉరి వేసుకునేది ఆ గొంతులు ఆపడానికి. నా తప్పుకి ప్రాయశ్చిత్తం అని ఒక్కచోట కూడా అనడు. అంతకుముందు బోనులో, రైల్లో, జానీని తీసుకుపోతున్నప్పుడు నోరు విప్పి ఆపగలిగిన అవకాశాలు ఉన్నాయి. జానీ చివరి నిమిషం దాకా అరుస్తూనే ఉన్నాడు. ఎదుటివాడి ప్రాణం పోతుందన్న బాధ పశ్చాత్తాపానికి గుర్తు అయితే, ఆ గుర్తు వాడు బతికి ఉండగా కనపడాలి కదా. జానీ పోయాక, కిటీ పక్కన వాడు చేరిపోయాడన్న ఊహ వచ్చాక మొదలవుతుంది ఈ నరకం.

అసూయ అనే మాట నేను పట్టుకోవడానికి తెర వెనక కారణం కూడా ఉంది. సినిమా నిర్మాత వాల్టర్ వాంగర్, కిటీగా వేసిన జోన్ బెనెట్ భర్త. లాంగ్, వాంగర్, బెనెట్ కలిసి పెట్టుకున్న డయానా ప్రొడక్షన్స్ తీసిన సినిమా ఇది. 1951 డిసెంబర్‌లో ఆ వాంగరే అసూయతో బెనెట్ ఏజెంట్ జెన్నింగ్స్ లాంగ్‌ని కాల్చాడు (ఫ్రిట్జ్ లాంగ్‌తో చుట్టరికం లేదు). ఏజెంట్ బతికాడు. వాంగర్ నాలుగు నెలల జైలుశిక్ష పడి, బయటికొచ్చి మళ్ళీ సినిమాలు తీశాడు. దెబ్బ తిన్నది బెనెట్ కెరీర్. ఆ తర్వాత ఆమెకి సినిమా అవకాశాలు బాగా తగ్గిపోయాయి. కాల్చింది ఆయన, శిక్ష పడింది ఆవిడకి. లక్ష్మీతులసి గారు కిటీ గురించి చెప్పింది చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది.

లక్ష్మీతులసి | సోమవారం ఉదయం 7:35

ఈ సంగతి నాకు తెలియదు. చదివి మనసు పాడైంది. తెర మీద ఆమెని పొడిచి చంపితే మగవాడి బాధ మీద చర్చ జరుగుతుంది, తెర బయట మొగుడు ఇంకెవరినో కాలిస్తే పని పోయేది ఆమెకి.

వకీల్_వరంగల్ | సోమవారం రాత్రి 9:10

సుబ్బు అన్న చెప్పిన లొంగిపోవడం గురించి ఇంకా తేలలేదు. పార్కు బెంచీ మీద పడుకున్న క్రిస్‌ని ఇద్దరు పోలీసులు లేపుతారు. వీడికి అయిదారేళ్ళ కింద ఇద్దర్ని చంపానన్న భ్రమ ఉంది, లొంగిపోతానంటాడు అని ఒకడు ఇంకొకడికి చెబుతాడు. 'ఇద్దర్ని' అన్న మాట పట్టుకోండి పాతరీలు గారూ. క్రిస్ తన లెక్కలో జానీని కూడా కలుపుకున్నాడు. అసూయ ఉన్నవాడు జానీ చావుకి సంతోషించాలి, బాధ్యత నెత్తిన వేసుకోడు. నాకు ఇది ఆలస్యంగా వచ్చిన పశ్చాత్తాపమే అనిపిస్తుంది. అసూయతో కలిసే వచ్చి ఉండొచ్చు, విడదీయడం ఎందుకు?

మన పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో సెక్షన్ 25 ప్రకారం పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. పోలీసులు కొట్టి ఒప్పించే ప్రమాదం ఉంది కాబట్టి పెట్టిన రక్షణ అది. క్రిస్‌ది దానికి పూర్తిగా ఎదురు. తనంతట తను ఒప్పుకుంటున్నా వినే పోలీసు లేడు. కేసు మూసేశారు, ఒకణ్ణి చంపేశారు, ఫైలు తెరిస్తే ఆ తప్పు ఎవరి మెడకి చుట్టుకుంటుంది? వ్యవస్థకి అతను పిచ్చివాడిగా ఉండటమే సౌకర్యం.

పాతరీలు | సోమవారం రాత్రి 9:48

'ఇద్దర్ని' అన్న మాట బలమైనదే వకీల్ గారూ. ఇంకోసారి ఆ భాగం చూస్తాను. అయినా ఒక్క అనుమానం: అతనికి కావలసింది శిక్షా, లేక వాళ్ళిద్దరి దగ్గరికి చేరే దారా?

నీలిరంగు | సోమవారం రాత్రి 10:20

ఆఖరి సీనులో గ్యాలరీ నుంచి కిటీ బొమ్మ బయటికి తెస్తారు. పదివేల డాలర్లకి అమ్ముడుపోయింది. క్రిస్ పక్కనుంచే పోతూ చూస్తాడు. రెన్వార్ సినిమాలో అమ్ముడుపోయేది హీరో తన ముఖాన్నే గీసుకున్న బొమ్మ. లాంగ్ దాన్ని మార్చి కిటీ ముఖం పెట్టాడు, పేరు మాత్రం అదే ఉంచాడు. పారిస్ క్యాషియర్ తన ముఖాన్ని వదిలేసి నవ్వుకుంటూ పోగలిగాడు. క్రిస్‌కి ఆ వీలు లేదు, ఎందుకంటే అతని ముఖం ఉండవలసిన చోట ఆమె ఉంది. పాతరీలు గారూ, మీ అసూయ, వకీల్ గారి పశ్చాత్తాపం రెండూ ఆ మార్పులోనే దొరుకుతాయి నాకు.

రవికిరణ్84 | సోమవారం రాత్రి 11:02

ఇదంతా చదివాక మళ్ళీ చూడాలనిపిస్తోంది. నేను చూసిన ప్రింట్ చాలా మసకగా ఉంది, ముఖాలే సరిగ్గా కనపడలేదు. మంచిది ఎక్కడ దొరుకుతుంది?

డల్లాస్_ప్రసాద్ | మంగళవారం ఉదయం 6:15

అమెరికాలో ఈ సినిమా కాపీరైట్ పోయి పబ్లిక్ డొమైన్‌లో ఉంది. అందుకే నెట్‌లో ఎవరికి దొరికిన కాపీ వాళ్ళు పెట్టేశారు, ఎక్కువ భాగం అరిగిపోయినవే. హోటల్ గది సీను వాటిలో నల్లటి మరకలా ఉంటుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరిచిన 35 ఎంఎం నెగటివ్ నుంచి కినో సంస్థ తెచ్చిన డిస్క్ చూడండి, చాలా తేడా ఉంటుంది. వీలైతే ముందు ఇదే ముగ్గురు నటులతో లాంగ్ అంతకు ముందు ఏడాది, 1944లో తీసిన 'ది వుమన్ ఇన్ ది విండో' చూసి, తర్వాత దీనికి రండి. అందులోనూ రాబిన్సన్ చేతిలో హత్య జరుగుతుంది, చివరికి అంతా కల అని తేలుతుంది. అక్కడ నిద్ర లేపి వదిలేసిన మనిషిని లాంగ్ ఇక్కడ ఏం చేశాడో అప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. చూశాక కోర్టు సీను మీద మీ అభిప్రాయం రాయండి, వకీల్ గారు చెప్పిన ఎడెల్ సాక్ష్యం గురించి నాకింకా మాట్లాడాలని ఉంది.